గుడి నుంచి కోట దాకా తెగిపోని సైకిల్ దారి ఇవ్వండి

గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ పాలకవర్గానికి, కమిషనర్ గారికి, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ వారికి, ట్రాఫిక్ పోలీసు అధికారులకు, కోటనూ గుడులనూ చూసుకునే పురావస్తు శాఖ వారికి నమస్కారాలు.

మా విన్నపం ఒక్కటే. సెలవు రోజున ఎవరైనా సైకిలెక్కి వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు, ఖిలా వరంగల్ చూసుకుని, మధ్యలో ఏదో తిని, చెట్టు కింద కాసేపు కూర్చుని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరగలగాలి. ఆ దారిలో ఎక్కడా భయపడి దిగి, సైకిల్‌ను నెట్టుకుంటూ పోవాల్సిన అవసరం రాకూడదు.

మన ఊరి కొలతలు దీనికి సరిగ్గా సరిపోతాయి. కాజీపేట నుంచి వరంగల్‌కు రైలు దారి పది కిలోమీటర్లే. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడు ఊళ్ల గుడులు, చెరువులు, కోట అన్నీ దాదాపు ఆ పొడవులోనే సర్దుకుని ఉన్నాయి. గల్లీలు తిరుగుతూ పోయినా పోనూరానూ ముప్పై కిలోమీటర్ల చుట్టుపక్కలే అవుతుంది. గంటకు పన్నెండు కిలోమీటర్ల నింపాది వేగంతో తొక్కితే కాళ్లకు పని రెండున్నర గంటలు, మిగతా రోజంతా చూడటానికీ కూర్చోవడానికీ. హైదరాబాద్‌లో ఇంత చరిత్రను ఒక్క రోజులో సైకిల్ మీద చుట్టి రావడం చాలా కష్టం. ఇక్కడ దూరం అడ్డం కాదు. చూసే చోట్లు ఒక్కొక్కటిగా బాగుపడుతున్నాయి గానీ వాటిని కలిపే దారి గురించి ఎవరూ పట్టించుకోవడం లేదు. సైకిల్ మనిషి ఇబ్బంది పడేది గుడి దగ్గరో కోట దగ్గరో కాదు, ఆ రెంటి మధ్య.

ఒక మాట గుర్తు చేయాలి. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2020లో ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్ అనే పోటీ పెట్టింది. నూటికి పైగా నగరాలు పేరు నమోదు చేసుకుంటే 25 నగరాలను వడపోసి, 2021లో 11 నగరాలను విజేతలుగా ప్రకటించారు. బెంగళూరు, సూరత్, నాగపూర్‌లతో పాటు ఆ జాబితాలో వరంగల్ ఉంది. ఒక్కో నగరానికి కోటి రూపాయల బహుమతి. అప్పట్లో పనిచేసిన అధికారులకూ ఇంజనీర్లకూ ఆ గౌరవం దక్కాల్సిందే. అయితే పోటీ అడిగింది ప్రయోగం. ప్రయోగం ముగిశాక అది నిలిచే రోడ్డుగా మారాలి. ఒక ముక్క దారి, కొంత రంగు, మధ్యలో ఖాళీ, మళ్లీ ఒక ముక్క ఉంటే సైకిల్ మనిషికి లాభం లేదు. దారి ఎక్కడ తెగిందో అక్కడ అతడు లారీల మధ్యకే వస్తాడు.

ముందు కాజీపేట నుంచి హనుమకొండ వచ్చే పెద్ద రోడ్డు సంగతి. ఇక్కడ అన్నిటికంటే పెద్ద ప్రమాదం వెనక నుంచి వచ్చే వాహనం అనుకుంటారు. సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువగా భయపడేది ఎడమ పక్కన ఆగి ఉన్న కారు తలుపు. తెరిచిన తలుపు దాదాపు మీటరు దూరం రోడ్డు మీదికి వస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి సైకిల్ కుడికి జరుగుతుంది, అప్పటికే కుడివైపు ఆర్టీసీ బస్సు ఉంటుంది. అందుకే పార్కింగ్ గీతకు ఆనుకుని సైకిల్ గీత గీయడం, అసలు గీయకపోవడం కంటే చెడ్డది. గీత లోపల ఉంటే క్షేమం అని నమ్మి కొత్తవాళ్లు సరిగ్గా తలుపు తెరుచుకునే జాగాలోనే తొక్కుతారు. పార్కింగుకూ సైకిల్ దారికీ మధ్య కనీసం 75 సెంటీమీటర్లు, వీలైతే మీటరు ఖాళీ వదలండి. అంత జాగా లేని చోట పార్కింగ్ తీసేయండి, లేదంటే సైకిల్ దారిని లోపలి కాలనీ రోడ్డు మీదికి మళ్లించి బాణం గుర్తులు పెట్టండి. వడ్డేపల్లి చెరువు వైపు నుంచి, నిట్ ఇంజనీరింగ్ కాలేజీ చుట్టుపక్కల కాలనీల నుంచి లోపలి దారులు ఉన్నాయి. వాటిని కలిపితే చాలు. కొత్త రోడ్డు వేయమని మేం అడగడం లేదు.

వెడల్పు సంగతి కూడా చెప్పాలి. సైకిల్ హ్యాండిల్ 60 నుంచి 70 సెంటీమీటర్లు. నింపాదిగా తొక్కేటప్పుడు సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది, వేగం తగ్గేకొద్దీ ఊగడం పెరుగుతుంది. ఒక మనిషికి మీటరు దాటి కావాలి. పిల్లవాడిని పక్కన పెట్టుకుని తొక్కాలన్నా, పాలక్యాన్లు కట్టుకున్న సైకిల్‌ను దాటాలన్నా రెండు మీటర్లు ఉండాలి. అంతకంటే ఇరుకైతే జనం దాన్ని వదిలేసి మళ్లీ రోడ్డెక్కుతారు.

ఇక నేల. దీని గురించి వివరంగా రాయక తప్పదు. కారులో పోయే ఇంజనీరుకు ఇవేవీ తెలియవు, చక్రం సన్నగా ఉన్నవాడికే తెలుస్తాయి.

వాననీటి జాలీలు మొదటివి. జాలీ కడ్డీలు బండి పోయే దిశలోనే నిలువుగా ఉంటే చక్రం మధ్యలో దిగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీంచి ముందుకు పడతాడు. మామూలు పెద్ద సైకిల్ టైరు వెడల్పు 38 మిల్లీమీటర్ల దాకా, సన్న టైరు సైకిల్‌ది 25 నుంచి 28. కడ్డీల మధ్య సందు 20 మిల్లీమీటర్లు దాటితే సన్న టైరుకు ముప్పు దగ్గర పడినట్టే. చతురస్రం జాలీ అయితే ఎత్తి తొంభై డిగ్రీలు తిప్పి పెడితే చాలు, ఒక పూట పని. దీర్ఘచతురస్రం అయితే తిప్పినా పట్టదు. దాని మీద అడ్డంగా 15 సెంటీమీటర్లకొకటి చొప్పున ఇనప పట్టీలు వెల్డింగ్ చేయించండి. కొత్త టెండర్లలో కడ్డీలు రోడ్డుకు అడ్డంగా ఉండాలని ఒక్క వాక్యం చేర్చితే ముందు ముందు ఈ బాధే ఉండదు.

రెండోది తారు అంచు. పాత రోడ్డు మీద నాలుగు సెంటీమీటర్ల కొత్త పొర వేసి, దాన్ని అంచు దాకా తీసుకుపోకుండా అర మీటరు ముందే ఆపేస్తారు. అక్కడ రోడ్డు పొడవునా ఒక మెట్టు మిగులుతుంది. సరిగ్గా సైకిల్ నడిచే చోట. అడ్డంగా ఉన్న మెట్టును ఎక్కవచ్చు, కానీ పోయే దిశలోనే ఉన్న మెట్టుకు టైరు పక్క రాసుకుంటే చక్రం ఎక్కదు, సైకిల్ పక్కకు పడుతుంది. అది కూడా ట్రాఫిక్ ఉన్న వైపు. పొరను కాలువ అంచు దాకా వేయండి, వీలుకాకపోతే అంచును చదునుగా ఏటవాలు చేయించండి. డ్రైనేజీ మూతలు కూడా కొత్త పొరతో సమానంగా పైకి లేపాలి. ఒక సెంటీమీటరు తేడా ఫర్వాలేదు. ఐదు సెంటీమీటర్ల గుంట అయితే, గాలి తక్కువున్న టైరు రిమ్ముకూ అంచుకూ మధ్య నలిగి ట్యూబు పక్కపక్కనే రెండు చోట్ల తెగుతుంది. అలా తెగిన ట్యూబుకు రెండు ప్యాచ్‌లు పడతాయి, పాత ట్యూబైతే పారేయాల్సిందే.

స్పీడ్ బ్రేకర్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ఉంది. ఆ సంస్థ ఐఆర్‌సీ 99 ప్రమాణం ప్రకారం గుండ్రటి హంప్ ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి పోయే దిశలో పొడవు 3.7 మీటర్లు. ఆ కొలతతో కడితే సైకిల్, అంబులెన్స్, గర్భిణి కూర్చున్న ఆటో అన్నీ సాఫీగా దాటతాయి, వేగంగా వచ్చేవాడికే కుదుపు తగులుతుంది. కాలనీల్లో అదే ఎత్తును అర మీటరులో కుదించి పోస్తున్నారు. అది బ్రేకర్ కాదు, గోడ. పక్కన సైకిల్ కోసం సందు వదలమని కొందరు అంటారు. మేం ఒప్పుకోం. ఆ సందులోంచి మోటారు సైకిళ్లు దూరతాయి, మట్టీ ఇసుకా కూడా అక్కడే చేరి ముందు చక్రం జారుతుంది. సందు వద్దు, కొలత సరిచేయండి.

టైల్స్ విషయంలో ఒక మాట. 60 మిల్లీమీటర్ల సిమెంటు టైలు నడకకు సరిపోతుంది, బండ్లు తిరిగే చోట 80 వాడతారు. చెరువు కట్ట మీద 60 మిల్లీమీటర్ల టైళ్లు పరిచి, వాటి మీదికే చెత్త ట్రాక్టరునూ నీళ్ల ట్యాంకరునూ ఎక్కిస్తే ఒక వానాకాలంలో టైళ్లు కుంగిపోతాయి. కింద ఇసుక పొర కొట్టుకుపోకుండా రెండు అంచుల్లో కాంక్రీటు కట్టు ఉండాలి. టైళ్ల పొడుగు సందులు దారికి అడ్డంగా రావాలి, నిలువుగా కాదు. ఇక ట్రాక్‌కు వేసే ఎర్ర రంగో ఆకుపచ్చ రంగో తడిస్తే జారుతుంది. రంగులో గరుకు ఇసుక కలిపి వేయించండి. మలుపుల దగ్గర అసలు రంగే వద్దు. మా లెక్కలో రంగు చివరి పని, జాలీ మొదటి పని.

భద్రకాళి కట్ట మన ఊరికి గర్వకారణం. అక్కడ నడిచేవాళ్లకే మొదటి హక్కు, ఇందులో మాకు రెండో మాట లేదు. పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదు తర్వాత వృద్ధులూ పిల్లలూ నిండుగా ఉంటారు. ఆ గంటల్లో సైకిల్ కట్ట ఎక్కకూడదు. మిగతా వేళల్లో, గంటకు పది కిలోమీటర్లు మించకుండా, బెల్లు ఉన్న సైకిళ్లను అనుమతించి, ఆ నియమాన్ని గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. కాపలా మనిషి ఇష్టాన్ని బట్టి ఒక రోజు లోపలికి, ఒక రోజు బయటికి అన్నట్టు ఉండకూడదు.

గేటు దగ్గర ఇనప గొట్టాలతో మెలికలు పెట్టడం చాలా ఊళ్లలో చూస్తాం. మోటారు సైకిల్‌ను ఆపాలని పెడతారు. కానీ మోటారు సైకిల్ హ్యాండిల్ వెడల్పూ సైకిల్ హ్యాండిల్ వెడల్పూ దాదాపు ఒకటే. ఒకదాన్ని ఆపే సందు రెండోదాన్నీ ఆపుతుంది, పైగా చక్రాల కుర్చీని మొదట ఆపుతుంది. స్తంభాల మధ్య 1.2 మీటర్ల సందు వదిలితే కార్లూ ఆటోలూ రావు, చక్రాల కుర్చీ, పిల్లల మూడు చక్రాల సైకిల్ సులువుగా పోతాయి. మోటారు సైకిల్‌ను ఆపాల్సింది మనిషీ, కెమెరా, జరిమానా. ఇనుముతో అయ్యే పని కాదది.

కట్టల మీద టైర్లకు అసలు శత్రువులు రెండు: సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరుకాయ. తుమ్మ కొట్టించినప్పుడు పెద్ద కొమ్మలు ట్రాక్టర్‌లో పోతాయి, సన్న రెమ్మలు దారి మీదే మిగులుతాయి. ఎండిన ముల్లు పచ్చి ముల్లు కంటే గట్టిది, నెల తర్వాత కూడా టైరు దాటి ట్యూబులో దిగుతుంది. కొట్టిన రోజే దారి ఊడ్పించాలని పని ఒప్పందంలో రాయండి. పల్లేరు వానల తర్వాత దారి అంచున నేలకు పరుచుకుంటుంది. కాయ ఎండకముందే, అంటే పసుపుపచ్చ పూలు కనిపిస్తున్నప్పుడే, వేరుతో పీకించాలి. ఎండాక పీకితే కాయలు అక్కడే రాలి మరుసటి ఏడు ఇంకా ఎక్కువ మొలుస్తాయి.

ఇక హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర సైకిల్ నిలిపే చోటు సంగతి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి, 2024 మార్చిలో మళ్లీ తెరుచుకున్న కల్యాణ మండపం చూడటానికి జనం పెరిగారు. వాళ్లలో సైకిల్ మీద వచ్చినవాడు దాన్ని ఎక్కడ కట్టేయాలి? ముందు చక్రం దూర్చే చువ్వల స్టాండులు వద్దని ప్రత్యేకంగా అడుగుతున్నాం. వాటిలో సైకిల్ పక్కకు ఒరిగితే బరువంతా ముందు రిమ్ము మీద పడి చక్రం వంకరపోతుంది. తాళం కూడా చక్రానికే పడుతుంది, ఫ్రేమును ఎత్తుకుపోవచ్చు. సరైన స్టాండు చాలా తేలిక. 50 మిల్లీమీటర్ల ఇనప పైపును తలకిందులైన యు ఆకారంలో వంచి, నేల మీద 75 నుంచి 80 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా, రెండు కాళ్లను 30 సెంటీమీటర్ల లోతున కాంక్రీటులో పాతాలి. ఒకదానికొకటి మీటరు ఎడం. గోడకు మరీ దగ్గర పెడితే చక్రం పట్టదు, 60 సెంటీమీటర్లు వదలాలి. ఒక్కో యుకు రెండు సైకిళ్లు. వెల్డింగ్ దుకాణంలో ఏ కుర్రవాడైనా చేస్తాడు. గుడి దగ్గర ఐదు, భద్రకాళి దగ్గర ఐదు, కోటలో తోరణాల టికెట్ గది దగ్గర ఐదు, రెండు రైల్వే స్టేషన్ల బయట పదేసి చాలు. అవి కాపలా మనిషికి కనిపించే చోట ఉండాలి. మూత్రశాల వెనక పెడితే ఎవరూ వాడరు.

ఖిలా వరంగల్ ఈ దారికి కొస. రాతికోట దర్వాజాల దగ్గర దారి వంకర తిరుగుతుంది, శత్రువు నేరుగా దూసుకురాకుండా కాకతీయులు అలా కట్టారు. ఇప్పుడు ఆ వంపులో ఎదుటి ఆటో కనిపించదు. గోడకు మేకు కొట్టకుండా, విడిగా నిలబడే స్తంభం మీద కుంభాకార అద్దం పెట్టించే వీలుంటే చూడండి. దర్వాజాకు రెండు వైపులా గంటకు 20 కిలోమీటర్ల వేగం బోర్డు పెట్టండి. కోట లోపల కాపురముండే వాళ్లకు ఇది రోజూ దాటే వాకిలి, వాళ్లకే మొదట మేలు జరుగుతుంది.

అలాగే మా తోటివాళ్లకు కూడా ఈ లేఖలోనే చెబుతున్నాం. మట్టికోట వాలు మీద సైకిళ్లు ఎక్కించకండి. టైరు చేసిన గాడి మొదటి వానకు నీటి దారి అవుతుంది, నాలుగు వానలకు గండి అవుతుంది. ఏడెనిమిది వందల ఏళ్లు నిలిచిన మట్టిని మన సరదా కోయకూడదు. పురావస్తు శాఖ వారు అక్కడ కచ్చితంగా నిషేధ బోర్డు పెట్టాలి, మేం సమర్థిస్తాం.

ట్రాఫిక్ పోలీసు వారికి రెండు పనులు. 30 మీటర్ల కూడలిని గంటకు 12 కిలోమీటర్ల వేగంతో దాటడానికి తొమ్మిది సెకన్లు. ఆగిన చోటి నుంచి కదిలి వేగం అందుకోవడానికి ఇంకో మూడు. పచ్చ దీపం చివర్లో బయలుదేరిన సైకిల్ మనిషి సగం దాటేసరికి అడ్డం వైపు బండ్లు వదులుతారు. అన్ని వైపులా ఎర్ర దీపం ఉండే విరామాన్ని మూడు సెకన్లు పెంచితే అతడు దాటిపోతాడు. రెండోది, ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరగడం. నేరుగా పోయే సైకిల్‌కు ఎడమకు తిరిగే బండి అడ్డం వస్తుంది. ఆగే గీతకు ముందు, సైకిళ్లు నిలబడటానికి మూడు మీటర్ల గడి గీయించండి. అప్పుడు సైకిల్ మనిషి డ్రైవర్ల కళ్ల ముందు ఉంటాడు. అదాలత్, అశోకా, హనుమకొండ చౌరస్తా, పోచమ్మ మైదాన్ లాంటి పెద్ద కూడళ్లతో మొదలుపెట్టండి. హంటర్ రోడ్డులో వేగమే సమస్య. అక్కడ గీతలతో పని కాదు, సిమెంటు అడ్డుతో విడదీసిన ట్రాక్ కావాలి. 2023 జూలై వరదలో హంటర్ రోడ్డు పక్క కాలనీలూ నయీంనగర్ నాలా వెంట ఇళ్లూ మునిగాయి. నీళ్లు నిలిచిన రోడ్డు మీద సైకిల్ మనిషికి గుంటా తెలియదు, తెరిచిన మూతా తెలియదు. వానాకాలం ముందు మూతలు లెక్కపెట్టించండి.

గాలి, మరమ్మతు. పెట్రోల్ బంకు గాలి గొట్టం మోటారు సైకిల్ వాల్వుకు పడుతుంది. పాత సైకిల్ వాల్వుకు, సన్న టైరు సైకిల్ ప్రెస్టా వాల్వుకు పట్టదు. మూడు రకాల మూతులున్న చేతి పంపును, ప్రెజర్ మీటరుతో సహా, గొలుసు కట్టి పబ్లిక్ గార్డెన్ దగ్గరా కోటలోనూ ఉంచితే చాలు. మీటరు ఎందుకంటే, లావు టైరుకు 40 పీఎస్ఐ సరిపోతుంది, హైబ్రిడ్‌కు 60, సన్న టైరుకు 80 నుంచి 90 కావాలి. చేత్తో నొక్కి చూస్తే తేడా తెలియదు. దానితో పాటు 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, 15 స్పానర్, రెండు టైర్ లీవర్లు స్టీలు తాడుతో కట్టి ఉంచండి.

కానీ యంత్రం కంటే మనిషి ముఖ్యం. ఫుట్‌పాత్ మీద గొడుగు వేసుకుని, నీళ్ల తొట్టి పెట్టుకుని పంక్చర్ వేసే పెద్దమనుషులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. చక్రానికి వంపు తీయడం, ఫ్రీవీల్ మార్చడం చేతి పనిగా తెలిసినవాళ్లు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా వాళ్లే మొదట లేచిపోతున్నారు. వీధి వ్యాపారుల గుర్తింపు కార్డు ఇచ్చి, ఈ దారిలో నాలుగు చోట్ల రెండు మీటర్ల జాగా రాసివ్వండి. ఇది మాకు చాలా ముఖ్యమైన కోరిక.

అద్దె సైకిళ్ల పథకం గురించి అడుగుతారేమో. ముందు దారి, తర్వాత అద్దె. వానలో నిలబడి చైన్ తుప్పుపట్టి, బ్రేక్ షూలు అరిగి, సీటు బిగింపు పోయి ఎవరికీ పనికిరాని సైకిళ్లు ఊరి పరువు తీస్తాయి. పదిహేను రోజులకొకసారి నూనె వేసే మనిషికి జీతం పెట్టలేకపోతే మొదలుపెట్టొద్దు.

ఏడాదిలో కొన్ని రోజులు ఈ దారి మాది కాదు. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట వైపు, భద్రకాళి శాకంబరి ఉత్సవాలప్పుడు గుడి వైపు, మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు వైపు సైకిళ్లు వేరే దారి పట్టాలి. ఆ మళ్లింపును కూడా బోర్డు మీద ముందే రాయండి. ఎండాకాలంలో పదకొండు దాటాక ఎవరూ తొక్కరు, కాబట్టి మంచినీళ్లూ నీడా కావాల్సింది పొద్దుటి దారిలో, కోట దగ్గర.

ఒకేసారి అన్నీ చేయమని అడగడం లేదు. ఈ నెలలో జాలీలు తిప్పండి, మూతలు సరిచేయండి, కట్ట నియమం బోర్డు రాయించండి. వీటికి పెద్ద టెండరు అక్కరలేదు. వానాకాలం ముందు స్టాండులు, పంపులు, కూడళ్లలో గడులు. వానలు వెళ్లాక తారు అంచులు, హంప్‌లు, పార్కింగ్ మార్పు. హంటర్ రోడ్డు ట్రాక్‌ను వచ్చే బడ్జెట్‌లో పెట్టండి.

మీ వార్డు ఇంజనీర్లు ఏదో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి కాజీపేట స్టేషన్ ముందుకు వస్తే చాలు. టేపు, సుద్దముక్క, అదనంగా నాలుగు సైకిళ్లు మేం తెస్తాం. కోట దాకా కలిసి తొక్కుతూ, సరిచేయాల్సిన ప్రతి జాలీ మీదా మూత మీదా వాళ్ల ముందే గుర్తు పెడతాం. తేదీ మీరే చెప్పండి.

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో సైకిల్ తొక్కే పౌరులు